తెలియని చేప గాలానికి పడినప్పుడు: విశాఖ తీరంలో పాటించవలసిన జాగ్రత్తలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు అమలయ్యే వేట నిషేధం ముగియగానే విశాఖ ఫిషింగ్ హార్బరు నుంచి మరపడవలు సముద్రంలోకి కదులుతాయి. వాటితోపాటే భీమిలి, మంగమారిపేట, యారాడ వైపు రాళ్ల మీద నిలబడి సరదాకు గాలం వేసేవారూ బయలుదేరుతారు. వంజరం, చందువా, కానగుర్త వంటి రోజూ చూసే చేపలతో పేచీ లేదు. గాలానికి ఎన్నడూ చూడని చేప పడినప్పుడు మాత్రం, అది తినదగినదా అన్న ప్రశ్న కంటే ముందు దాన్ని చేత్తో పట్టుకోవచ్చా అన్న ప్రశ్న వేసుకోవాలి. ఈ వరుస తప్పడం వల్లనే చాలామంది గాయపడుతున్నారు.

గాలంతోపాటు పొడవైన పట్టకారు, దళసరి చేతి తొడుగులు, గట్టి అడుగున్న చెప్పులు, ఐసు పెట్టె వెంట ఉండాలి. తెలియని చేప పడితే దాన్ని ఒళ్లోకి లాక్కోకుండా, దారంతోనే పైకెత్తి చదునైన చోట ఉంచి, పట్టకారుతో గాలం తీయాలి. గాలం లోతుగా దిగితే దారం కోసివేయడమే మేలు. పది రూపాయల గాలం కోసం వేలు పణంగా పెట్టడం తెలివైన పని కాదు. చేప కదలడం మానేసినంత మాత్రాన ముళ్లలోని విషం పోదని కూడా గుర్తుంచుకోవాలి.

చేప రంగులు నీటి నుంచి బయటపడిన కొద్దిసేపటికే మారిపోతాయి, కొన్నిటి చారలు పూర్తిగా మాసిపోతాయి. అందువల్ల ఫొటో వెంటనే తీయాలి. తల ఎడమ వైపుకు వచ్చేలా పడుకోబెట్టి, పక్కన స్కేలు గానీ నాణెం గానీ ఉంచి, నిలువుగా పైనుంచి ఒక చిత్రం తీయాలి. తర్వాత వీపు రెక్కను పుల్లతో నిలబెట్టి ఒకటి, నోరు తెరిచి పళ్లు కనబడేలా ఒకటి, పొట్ట వైపు నుంచి ఒకటి తీయాలి. వీపు మీద రెక్కలు ఎన్ని, వాటిలో ముళ్లు ఉన్నాయా, పొట్ట కింద జత రెక్కలు ఉన్నాయా లేవా, ఒంటి మీద పొలుసు ఉందా, తోక చీలి ఉందా గుండ్రంగా ఉందా అన్నవి రంగు కంటే నమ్మదగిన గుర్తులు. పట్టిన చోటు, సమయం, సుమారు లోతు, వాడిన ఎర కూడా రాసిపెట్టుకుంటే చూసేవారికి పని సులువవుతుంది.

అడగవలసిన వారిలో మొదటివారు జాలరిపేట పెద్దలు. స్కాట్లండ్ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ 1803లో లండన్‌లో అచ్చువేయించిన విశాఖ చేపల పుస్తకంలో స్థానికులు చెప్పిన పేర్లే ఉన్నాయి. ఇక్కడి కానగుర్త పేరు నేటికీ ఆ చేప శాస్త్రీయ నామంలో నిలిచి ఉంది. అయితే ఒక్కొక్క ఊరిలో ఒకే పేరుతో రెండు వేరు చేపలను పిలవడమూ ఉంది కనుక, ఒక్కరి మాటతో సరిపెట్టుకోకుండా ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడగాలి. అప్పటికీ తేలకపోతే, చేపను కోయకుండా, కడుపు తీయకుండా ఐసులో ఉంచి పాండురంగాపురంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం వారిని సంప్రదించవచ్చు. ఫోన్ యాప్ చెప్పే పేరును సూచనగా మాత్రమే తీసుకోవాలి, తీర్పుగా కాదు.

తినే విషయంలో అత్యంత ప్రమాదకరమైనది పఫర్ చేప. పైకి లాగగానే గాలి మింగి పొట్టను బంతిలా ఉబ్బించుకుంటుంది, ఒక్కోసారి పళ్లు కొరుకుతున్న శబ్దం చేస్తుంది. నోట్లో పైన రెండు, కింద రెండు పలకల్లాంటి పళ్లే కనిపిస్తాయి. పొట్ట కింద జత రెక్కలు ఉండవు. మామూలు పొలుసుకు బదులు నున్నటి చర్మమో, చిన్న ముళ్లో ఉంటాయి. వెండి రంగులో మెరిసే కొన్ని రకాలు ఉబ్బకుండా పడి ఉంటే మామూలు చేపలాగే కనబడతాయి, తలా చర్మమూ తీసేసిన తర్వాత ఇక పోల్చుకోవడమే కష్టం. అందుకే తల, చర్మం లేని తెలియని చేప ముక్కలను ఎంత చవకగా వచ్చినా కొనరాదు. దీని కాలేయంలోనూ, గుడ్ల సంచిలోనూ, చర్మంలోనూ, కొన్ని రకాలలో కండలోనూ టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. చింతపండు పులుసులో ఎంతసేపు మరిగించినా, పసుపూ ఉప్పూ వేసి ఎన్నిసార్లు కడిగినా, ఎండబెట్టినా అది పోదు. ముందు పిల్లికి వేసి చూద్దామనే పరీక్ష కూడా పనికిరాదు, ఎందుకంటే విషం మోతాదు చేపకూ చేపకూ, భాగానికీ భాగానికీ మారుతుంది. పోయినేడు ఎవరో తిని బాగానే ఉన్నారన్న మాట కూడా అంతే. తిన్న తర్వాత పెదవులూ నాలుకా తిమ్మిరెక్కితే, తగ్గుతుందేమోనని ఎదురుచూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి. దీనికి విరుగుడు మందు లేదు. శ్వాస కండరాలు పనిచేయడం మానేసే లోపు కృత్రిమ శ్వాస అందగల ఆసుపత్రికి చేరడమే రక్షణ.

అలివి వల ఒడ్డుకు లాగినప్పుడు చేపలతోపాటు సముద్రపు పాములు కూడా వస్తాయి, వాటిని మలుగు చేపలుగా పొరబడేవారు ఉన్నారు. తోక తెడ్డులా నిలువుగా చదునై ఉండి, ఒంటి నిండా పొలుసులుండి, మొప్పల సందు గానీ రెక్కలు గానీ లేకపోతే అది పామే. చచ్చిందనుకున్న పామును కూడా ముట్టుకోకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు. దీని కాటు నొప్పి లేకుండానే ఉండవచ్చు. కొన్ని గంటల లోపు కండరాల నొప్పులు, రెప్పలు వాలడం, మూత్రం నల్లబడటం మొదలవుతాయి. కాటు చోట కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం చేయకుండా ఆ కాలినో చేతినో కదలనీయక ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మన దేశంలో సాధారణంగా దొరికే పాము విరుగుడు నేల మీది నాలుగు రకాల పాముల విషానికి తయారైనది. కనుక కరిచినది సముద్రపు పామని వైద్యులకు తప్పక చెప్పాలి, వీలైతే ఫొటో చూపాలి.

ముల్లు గుచ్చే చేపల విషయానికి వస్తే, టేకు చేప (స్టింగ్ రే) తోక మొదట్లో రంపపు అంచులున్న ముల్లు ఉంటుంది, జెల్లకు వీపు రెక్క ముందూ మొప్పల వెనుక రెండు వైపులా ఉంటాయి, తేలు చేపకూ లయన్ ఫిష్‌కూ రెక్కల ముళ్లన్నీ ప్రమాదకరమే. గుచ్చుకున్న చోటును చర్మం తట్టుకోగలిగినంత వేడి నీటిలో, అంటే 45 డిగ్రీలు దాటకుండా, 30 నుంచి 90 నిమిషాలు ఉంచితే నొప్పి చాలావరకు తగ్గుతుంది. వేడి సరిపోయిందో లేదో గాయపడని చేత్తో చూడాలి. నొప్పిలో ఉన్న చెయ్యి కాలుతున్నా తెలియకపోవచ్చు. ముల్లు ఛాతీలోనో, పొట్టలోనో, మెడలోనో దిగితే దాన్ని లాగకుండా అలాగే ఆసుపత్రికి చేర్చాలి. చిన్న గాయమైనా ధనుర్వాతం ఇంజక్షను సంగతి డాక్టరును అడగాలి.

చివరగా, కొన్ని జీవాలు మనిషికి ప్రమాదం కాకపోయినా వాటిని పట్టి ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వాటిలో తిమింగల సొర, రంపపు ముక్కున్న సొరలాంటి చేప, సముద్రపు గుర్రం, తాబేళ్లు ముఖ్యమైనవి. 2021 డిసెంబరులో తంతడి తీరంలో వలకు చిక్కిన తిమింగల సొరను అటవీ శాఖ వారూ మత్స్యకారులూ కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. అటువంటిది చిక్కితే తోక పట్టి ఇసుక మీదికి లాగకుండా, వల కోసి నీటిలోనే వదిలి, అటవీ శాఖకు తెలియజేయాలి. సముద్రపు గుర్రాన్ని ముచ్చటగా ఉందని ఎండబెట్టి ఇంట్లో దాచుకున్నా చట్టం దృష్టిలో అది నేరమే.