విడుదలకు ముందే ఫైర్‌ఫాక్స్‌ను తెలుగులో పరీక్షించడం ఎలా?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను ముప్పుతిప్పలు పెట్టింది. ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో మెసేజ్‌గా వస్తే చాలు, యాప్ మూసుకుపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే హోం స్క్రీనే మొరాయించేది. యాపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి దాన్ని సరిచేసింది. అప్పటికే ఆ లోపం లోకమంతా తిరిగింది.

మన లిపిలో వచ్చే తేడా మన కంటికే ముందు కనబడుతుంది. అందుకే విడుదలకు ముందు వెర్షన్లను తెలుగువాళ్లు వాడి చూడాలని నేను గట్టిగా చెబుతాను. మొజిల్లా సంస్థ ఇచ్చే ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, కాబట్టి ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్న మన పిల్లలు ఎంతోమంది. ఉత్తుత్తి ప్రాజెక్టులకు బదులు ఇది చేస్తే, మీరు రాసిన రిపోర్టు అందరికీ కనిపించే చోట మీ పేరుతో ఉంటుంది. ఇంటర్వ్యూలో చూపించుకోవచ్చు.

ఏ వెర్షన్ తీసుకోవాలి?

కొత్త కోడ్ మొదట నైట్లీ అనే పరీక్ష వెర్షన్‌లోకి వస్తుంది, తర్వాత బీటాకి, ఆపైన అందరూ వాడే వెర్షన్‌కి. ఒక్కో మెట్టు మీద సుమారు నాలుగు వారాలు ఉంటుంది. డెవలపర్ ఎడిషన్ అని మరొకటుంది, అది బీటా మీద కట్టినది, వెబ్‌సైట్లు తయారుచేసేవారికి. పరీక్షించడానికైతే నైట్లీయే తీసుకోండి. మామూలుగా రోజుకు రెండుసార్లు కొత్త బిల్డ్, అంటే తాజా కోడ్‌తో తయారైన కాపీ, వస్తుంది. ఇక్కడ దొరికిన తప్పును దిద్దడానికి డెవలపర్లకు కావలసినంత టైమ్ ఉంటుంది.

ఇన్‌స్టాల్ చేసే ముందు

మొజిల్లా సైట్ నుంచే దించుకోండి. ఫోన్‌కైతే ప్లే స్టోర్‌లో నైట్లీ విడి యాప్‌గా ఉంది. కంప్యూటర్లో అది వేరే ఫోల్డర్లో, వేరే ఐకాన్‌తో, తన సొంత ప్రొఫైల్‌తో కూర్చుంటుంది. మీ పాత ఫైర్‌ఫాక్స్‌లోని బుక్‌మార్కులు, పాస్‌వర్డులు ఎక్కడివక్కడే ఉంటాయి, టెన్షన్ పడక్కర్లేదు. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అయితే ముందు విండోస్ ఏదో చూసుకోండి. విండోస్ 7, 8 మీద కొత్త నైట్లీ నడవదు.

మూడు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. బ్యాంకు పనులు, బెస్కాం కరెంటు బిల్లు, పండక్కి ఊరెళ్లే రైలు టికెట్లు మామూలు బ్రౌజర్లోనే కానివ్వండి. తత్కాల్ నిమిషంలో బ్రౌజర్ క్రాష్ అయితే ఎవరూ ఏమీ చేయలేరు. మీ అసలు అకౌంటుతో సింక్ (అన్ని పరికరాల్లో ఒకే సమాచారం ఉంచే సదుపాయం) పెట్టకండి, ఎందుకంటే ఒకచోట చెరిగిన బుక్‌మార్కు అన్నిచోట్లా చెరుగుతుంది. పరీక్షకు వేరే అకౌంటు తెరుచుకోండి. ఇక నైట్లీ వాడుక సమాచారాన్ని మొజిల్లాకు పంపుతుంది. ఇష్టం లేకపోతే సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగంలో ఆపేయవచ్చు. మొబైల్ డేటా మీద నెట్టుకొస్తున్నవారు అప్‌డేట్లను మీరు ఒప్పుకున్నాకే ఇన్‌స్టాల్ చేసేలా కూడా అక్కడే జనరల్ విభాగంలో మార్చుకోవచ్చు.

తెలుగులో ఏం పరీక్షించాలి?

అసలు పని ఇది. పక్కపక్కన రెండు కిటికీలు పెట్టండి, ఒకదాంట్లో మామూలు ఫైర్‌ఫాక్స్, ఇంకోదాంట్లో నైట్లీ. ఒకే పేజీని రెండింట్లో తెరిచి చూడండి.

మొదట ఒత్తులు. ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటలు రాసి చూడండి. కింది ఒత్తు పూర్తిగా కనిపిస్తోందా? ముఖ్యంగా బటన్లలో, మెనూల్లో, సెర్చ్ పెట్టెల్లో. ఎత్తు తక్కువ పెట్టెల్లో ‘క్ష్మి’ కింద ఉండే మ ఒత్తు సగానికి తెగిపోవచ్చు. ఇంగ్లీషు అక్షరాలతో చూసేవారికి ఇది ఎప్పటికీ తెలియదు. ఒకవేళ మామూలు ఫైర్‌ఫాక్స్‌లోనూ తెగితే తప్పు ఆ వెబ్‌సైటుది కావచ్చు. నైట్లీలో మాత్రమే తెగితే మీకు మంచి బగ్ (సాఫ్ట్‌వేర్ లోపం) దొరికినట్టే.

తర్వాత పొల్లు. రాజాజీనగర్ పక్కన రోడ్డు పేరు ‘రాజ్‌కుమార్’ అని రాస్తే జ పొల్లుగా విడిగా నిలబడాలి, ‘రాజ్కుమార్’ అయిపోయి క ఒత్తుగా కిందికి దిగకూడదు. ఆ రెంటి మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ అక్షరం ఉంటుంది. మాటను కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేసినప్పుడు కూడా ఆ అక్షరం నిలుస్తోందో లేదో చూడండి. సాఫ్ట్‌వేర్, ఫైర్‌ఫాక్స్ లాంటి మాటలన్నిటికీ ఇదే పరీక్ష.

టైపింగ్‌లో బాణం మీటతో ఒక్కో అక్షరం దాటుతూ వెళ్లండి. కర్సర్ ఒత్తు మధ్యలో ఇరుక్కుంటోందా? బ్యాక్‌స్పేస్ కొడితే ఎంత చెరుగుతోంది? మాట మీద రెండుసార్లు క్లిక్ చేస్తే మాట మొత్తం ఎంపికవుతోందా? పేజీలో వెతికితే దొరుకుతోందా? ఏదైనా తెలుగు పీడీఎఫ్‌ను బ్రౌజర్లోనే తెరిచి నాలుగు లైన్లు కాపీ చేసి చూడండి. అక్కడ తేడాలు రావడానికి ఆస్కారం ఎక్కువ. కర్ణాటక ప్రభుత్వ సైట్లు ఎలాగూ తెరుస్తాం కనుక కన్నడ పేజీల్లోనూ ఒత్తులు గమనించండి. కన్నడ చదవగలిగే స్నేహితులు ఉంటే ఇంకా మేలు.

తేడా కనిపిస్తే

వెంటనే రిపోర్ట్ చేయకండి. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్ ఉంది, అది ఎక్స్‌టెన్షన్లను (బ్రౌజర్‌కు మీరు తగిలించుకున్న అదనపు ప్రోగ్రాములు), హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను (పేజీ గీయడానికి గ్రాఫిక్స్ చిప్‌ను వాడుకోవడం) పక్కన పెట్టి బ్రౌజర్‌ను తెరుస్తుంది. అప్పుడు తప్పు పోయిందంటే గొడవ ఏదో ఎక్స్‌టెన్షన్‌దో, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌దో అయి ఉంటుంది.

నిన్నమొన్నటి దాకా బాగుండి ఇప్పుడే చెడిందా? అయితే మోజ్‌రిగ్రెషన్ అనే ఉచిత టూల్ వాడండి. బాగున్న తేదీ, చెడిన తేదీ ఇస్తే మధ్యలోని బిల్డ్‌ను తెరిచి ‘బాగుందా, లేదా?’ అని అడుగుతుంది. మీ జవాబును బట్టి సగం తేదీలు కొట్టేస్తుంది. నెల రోజుల తేడా అయినా అయిదారు జవాబులతో ఒక రోజుకు వచ్చేస్తుంది, ఆపై ఏ మార్పు వల్ల చెడిందో కూడా చాలాసార్లు దొరుకుతుంది. డెవలపర్‌కు ఇంతకన్నా పనికొచ్చే సమాచారం లేదు.

రిపోర్ట్ రాయడం

మొజిల్లా లోపాలను నమోదుచేసే సైట్ బగ్జిల్లాలో అకౌంటు తెరిచి ముందు అలాంటి బగ్ ఇప్పటికే ఉందేమో వెతకండి. అక్షరాల సమస్యలకు ‘కోర్’ ప్రోడక్ట్ కింద ‘లేఅవుట్: టెక్స్ట్ అండ్ ఫాంట్స్’ అనే విభాగం ఉంది. ఏం చేశారు, ఏం జరిగింది, ఏం జరగాలి, ఈ మూడూ ఇంగ్లీషులో చిన్న వాక్యాల్లో రాయండి. తెలుగు రాని ఇంజినీర్ చదువుతారు కనుక తప్పు మాటను తెలుగులోనే టైప్ చేసి, పక్కన సరైన రూపం స్క్రీన్‌షాట్, తప్పు రూపం స్క్రీన్‌షాట్ రెండూ పెట్టండి. తెగిన చోట ఒక గీత గీయండి. అడ్రస్ బార్‌లో ఇంగ్లీషులో అబౌట్, కోలన్, సపోర్ట్ అని కొడితే వచ్చే వివరాలు కూడా జతచేయండి. సపోర్ట్ బదులు క్రాషెస్ అని కొడితే క్రాష్ రిపోర్టుల నంబర్లు వస్తాయి. అక్కడ రాసేది లోకమంతా చదువుతుంది, కాబట్టి స్క్రీన్‌షాట్‌లో మీ ఫోన్ నంబరు, ఈమెయిల్ లేకుండా చూసుకోండి.

తర్వాత డెవలపర్ ఏదైనా అడిగితే ఈమెయిల్ వస్తుంది, ఆలస్యం చేయకుండా జవాబివ్వండి. సరిచేశామని బగ్‌లో రాశాక తర్వాతి నైట్లీని అప్‌డేట్ చేసి, అదే పేజీలో అదే మాట మళ్లీ చూసి, కుదిరిందో లేదో అక్కడే రాయండి.