పసిబిడ్డ నిద్రపోవట్లేదా? ముందు ఉచ్చగుడ్డలు లెక్కపెట్టండి

బాలింతల వార్డులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గర పురుడు పోసుకుని ఇంటికి వెళ్లినవాళ్లలో చాలామంది వారం తిరక్కుండా ఫోన్ చేస్తారు. "సిస్టర్, రాత్రంతా జాగారమే. అరగంటకోసారి లేస్తోంది. పాలు చాలట్లేదంటోంది మా అమ్మ. డబ్బాపాలు మొదలుపెట్టమంటారా?" నేను తిరిగి అడిగేది ఒకటే. "నిన్న పొద్దున్నుంచి ఇవాళ పొద్దుటిదాకా బిడ్డ ఎన్నిసార్లు ఉచ్చ పోసింది?" దీనికి వెంటనే జవాబు చెప్పినవాళ్లు చాలా తక్కువ. డైపర్ వేశాం కదా, తెలియలేదు అంటారు.

ఏ సమస్యకైనా ముందు చేయాల్సిన పని ఇదే. డైపర్ తీసేసి రెండు రోజులు మెత్తటి పాత పంచె గుడ్డలు వేయండి. ఒక కాగితం మీద గీతలు పెట్టండి. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరుగుతూ అయిదో రోజు నుంచి 24 గంటల్లో కనీసం ఆరుసార్లు తడపాలి. నల్లటి జిగట విరేచనం నాలుగైదు రోజులకల్లా పసుపు రంగుకు మారాలి. నాలుగో రోజు దాటాక కూడా గుడ్డ మీద ఇటుకపొడి రంగు మరక పడుతుంటే ఒంట్లోకి పాలు సరిపడా వెళ్లట్లేదని గుర్తు. దీంతోపాటు తూకం. పుట్టాక కొంచెం బరువు తగ్గడం మామూలే. కానీ తగ్గుదల పదో వంతుకు చేరితే డాక్టరుకు చూపించాలి. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి. ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఈ రెండు లెక్కలూ సరిగా ఉంటే మీ బిడ్డకు పాలు చాలుతున్నాయి. ఇక మిగిలింది నిద్ర గొడవే, దానికి కంగారు అక్కర్లేదు.

ఇంకో మాట ముందే చెప్పాలి. మొదటి ఆరు వారాలు గడియారం పెట్టుకుని టైంటేబుల్ నడపాలని చూడకండి. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు తాగడం, 24 గంటల్లో దాదాపు 16 గంటలు ముక్కలుముక్కలుగా నిద్రపోవడం ఈ వయసులో సహజం. మనం చేయగలిగింది పాలు, కాసేపు మెలకువ, నిద్ర అనే వరసను అలవాటు చేయడం వరకే.

పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ

కడుపులో ఉన్నప్పుడు తల్లి పగలు నడుస్తుంటే ఆ ఊపుకు నిద్రపోయి, రాత్రి ఆమె పడుకున్నాక కదలడం బిడ్డకు అలవాటు. పుట్టాక కూడా పగలు, రాత్రి తేడా తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మన ఇళ్లలో దీన్ని ఇంకా పెంచేది నీళ్లు పోసే పద్ధతి. పదకొండింటికి నూనె రాసి, వేడినీళ్లు పోసి, గుడ్డలో చుట్టి పడుకోబెడితే నాలుగైదు గంటలు లేవదు. హాయిగా పడుకుంది, లేపొద్దు అంటారు పెద్దవాళ్లు. పగలు వదిలేసిన ఆ పాలన్నీ బిడ్డ రాత్రి అడుగుతుంది.

పగలు ఒకసారి పాలు పట్టడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి రెండున్నర, మూడు గంటలు కాగానే లేపి పట్టండి. కిటికీలు తెరిచి ఉంచండి, ఇంట్లో చప్పుళ్లు ఆపకండి. రాత్రి మాత్రం చిన్న లైటు చాలు. మాటలు, ముద్దులు వద్దు. పాలు పట్టి, తడిసి ఉంటే గుడ్డ మార్చి, మళ్లీ పడుకోబెట్టండి. నీళ్లు పోయడం సాయంత్రానికి మార్చుకోగలిగితే ఇంకా మంచిది. సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలో వేయకండి, ఆ ఊపిరితిత్తులు ఇంకా లేతవి.

అరగంట పాలు తాగింది, అరగంటకే లేచింది

ఇక్కడే నేను ఒకసారి దెబ్బతిన్నాను. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

కొన్నేళ్ల క్రితం, ముహూర్తం చూసుకుని 37 వారాలకే ఆపరేషన్ చేయించుకున్న అమ్మాయి. పాప 2.9 కిలోలు. ఆరో రోజు ఫోన్ చేసి, "మా పాప బంగారం సిస్టర్, ఏడవనే ఏడవదు. అరగంటసేపు పాలు తాగుతుంది, అలాగే నిద్రపోతుంది" అని సంతోషంగా చెప్పింది. మంచిదమ్మా అన్నాను. తడి గుడ్డల సంగతి అడగలేదు. తొమ్మిదో రోజు పాపను తీసుకొచ్చారు. ఒళ్లంతా పసుపు, పెదాలు ఎండిపోయి, ఏడ్చే ఓపిక కూడా లేదు. తూకం వేస్తే 2.5 కిలోలు. బరువు దాదాపు 14 శాతం తగ్గింది. కామెర్లు తగ్గడానికి రెండు రోజులు లైట్ కింద పెట్టాల్సి వచ్చింది. తల్లికి పాలు లేక కాదు, రొమ్ములు గడ్డకట్టి నొప్పితో ఉన్నాయి. పాప అరగంటసేపు నోట్లో పెట్టుకుని చప్పరించిందే తప్ప మింగలేదు.

ఆ రోజు నుంచి ఎవరైనా 'అరగంట తాగింది' అంటే నేను లెక్కలోకి తీసుకోను. ఎన్ని గుటకలు మింగిందో చెప్పమంటాను. మింగకపోతే బిడ్డ రెండు రకాలుగా ఉంటుంది. ఓపిక ఉన్న బిడ్డ అరగంటకోసారి లేచి గుక్కపెట్టి ఏడుస్తుంది. ఓపిక లేని బిడ్డ, ముఖ్యంగా నెలలు పూర్తిగా నిండకుండా పుట్టిన బిడ్డ, గంటలు గంటలు నిద్రపోతుంది. చూసేవాళ్లు మొదటి బిడ్డను మొండిదని, రెండో బిడ్డను బుద్ధిమంతురాలని అంటారు. ఇద్దరికీ కడుపు నిండలేదు.

మింగుతోందో లేదో ఎలా తెలుస్తుంది? గడ్డం చూడండి. మొదట గబగబా చప్పరిస్తుంది, అది పాలు చేపుకు రావడానికి. చేపు వచ్చాక దవడ నెమ్మదిగా, కిందికంటా కదలాలి. నోరు బాగా తెరుచుకున్న దగ్గర చిన్న విరామం కనిపించాలి. ఒకటి రెండు చప్పరింపులకు ఒక గుటక చొప్పున, గొంతు దగ్గర 'క్క' అని మెత్తగా వినిపించాలి. ఇలా పది నిమిషాలు సాగితే సగం దిగులు పోయినట్టే. అలాకాకుండా బుగ్గలు లోపలికి సొట్టపడుతున్నా, నాలుకతో టక్ టక్ మని చప్పుడు వస్తున్నా, నోట్లోంచి తీశాక చనుమొన ఒక పక్కకు నొక్కుకుపోయి తెల్లగా కనిపించినా, బిడ్డ మొన ఒక్కటే పట్టుకుంది. తల్లికి నొప్పి, బిడ్డకు ఆకలి.

ఆపరేషన్ అయినవాళ్లలో ఇది ఎక్కువ చూస్తాను. తెలంగాణలో నూటికి అరవై పురుళ్లు ఆపరేషన్‌తోనే జరుగుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. కుట్ల నొప్పికి తల్లి వెల్లకిలా పడుకుని ఉంటే పక్కనున్నవాళ్లు బిడ్డను పైనుంచి తెచ్చి నోట్లో మొన పెడతారు. బిడ్డకు అందేది ఆ మొనే.

సరిచేసే పద్ధతి ఇది. తల్లి నడుముకు దిండు ఆనించుకుని కూర్చోవాలి, లేదా పక్కకు తిరిగి పడుకోవాలి. కుట్లు లాగుతుంటే బిడ్డను చంక కింద నుంచి పక్కగా పట్టుకోవచ్చు, కాళ్లు తల్లి వీపు వైపు ఉంటాయి. మామూలుగా పట్టుకుంటే బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనాలి, మెడ పక్కకు తిరిగి ఉండకూడదు. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా ఉంచి, మొనతో పైపెదవిని తాకించి ఆగండి. ఆవులించినంత వెడల్పుగా నోరు తెరిచేదాకా ఆగండి, తొందరపడకండి. తెరవగానే వీపు మీద చెయ్యి వేసి దగ్గరికి తీసుకోండి. తల వెనక చెయ్యి పెట్టి నొక్కితే బిడ్డ వెనక్కి విరుచుకుంటుంది. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి మడత పడాలి, నల్లటి భాగం కింది వైపు నుంచి ఎక్కువగా నోట్లోకి వెళ్లాలి. నొప్పిగా ఉంటే చిటికెన వేలు నోటి మూలలో పెట్టి విడిపించి మళ్లీ మొదలుపెట్టండి. నాలుగుసార్లు విడిపించాల్సి వచ్చినా సరే, అలవాటయ్యేదాకా తప్పదు.

పట్టు సరిగ్గా ఉన్నా అయిదు నిమిషాలకే నిద్రపోతోందా? ఏం తొడిగారో చూడండి. టోపీ, సాక్సులు, చేతులకు గ్లౌజులు, పైన దుప్పటి, ఫ్యాన్ బంద్! ఆ వెచ్చదనానికి పెద్దవాళ్లం కూడా కునుకు తీస్తాం. బరువు బాగున్న బిడ్డ అయితే పాలు పట్టేటప్పుడు చుట్టిన గుడ్డ విప్పండి, టోపీ తీయండి, చర్మం చర్మానికి తగలనివ్వండి. గుటకలు ఆగగానే రొమ్మును అరచేత్తో మెల్లగా అదిమి పట్టుకోండి, పాలు నోట్లోకి వస్తే మళ్లీ మింగుతుంది. అప్పటికీ మింగకపోతే గుడ్డ మార్చి, అరికాళ్లు రుద్ది, రెండో వైపు పట్టండి.

ఈ తప్పు సరిదిద్దకుండా డబ్బాపాలు పడితే ఏమవుతుందో చూడండి. బిడ్డ మూడు గంటలు పడుకుంటుంది. "చూశావా, నీ పాలు చాలట్లేదు" అంటారు. ఆ మూడు గంటలూ రొమ్ము ఖాళీ కాదు. ఖాళీ అయినకొద్దీ ఊరేవి తల్లిపాలు, నిండుగా ఉండిపోతే ఊరడం తగ్గుతుంది. మర్నాడు ఇంకో సీసా, వారానికి నిజంగానే పాలు చాలవు. బరువు పడిపోయి డాక్టర్ పైపాలు రాస్తే మాత్రం మారుమాట లేకుండా పట్టండి, అందులో తల్లి తప్పేమీ లేదు. కాకపోతే సీసా బదులు ఉగ్గుగిన్నెతో పట్టండి. పట్టిన ప్రతిసారీ చేత్తో పాలు పిండి తీయండి, తీసిన ఆ పాలే ముందు తాగించండి. ఆ పాపకు మేం చేసింది అదే. పట్టు సరిచేసి, పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టాం. పదహారో రోజుకు 2.7 కిలోలకు వచ్చింది. మూడు వారాలు దాటాక పుట్టినప్పటి బరువు అందుకుంది.

సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఒకటే ఏడుపు

తడి గుడ్డలు, బరువు బాగుంటే ఇది జబ్బు కాదు. సాయంత్రాలు వెంటవెంటనే పాలు అడగడం, ఎంత ఎత్తుకున్నా ఊరుకోకపోవడం రెండో వారం నుంచి పెరిగి, ఆరో వారానికి బాగా ఎక్కువై, మూడో నెలకు తగ్గిపోతుంది. అడిగినన్నిసార్లు పట్టండి. ఆ నాలుగు గంటలు తల్లికి వంటింటి పని ఏమీ పెట్టకండి, తేనుపు తెప్పించడం, ఎత్తుకుని తిప్పడం తండ్రి చూసుకోవాలి. గ్రైప్ వాటర్, వస, ఆముదం వద్దు. తేనె ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. రోహిణీకార్తె ఎండల్లో అయినా తల్లిపాలు తాగే బిడ్డకు మంచినీళ్లు అక్కర్లేదు.

భుజం మీద నిద్ర, పక్క మీద వేయగానే మెలకువ

పసిబిడ్డలకు మొదట పట్టేది కలత నిద్ర. కళ్లు మూసుకోగానే దించితే లేచిపోతుంది. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగి, చెయ్యి పైకెత్తి వదిలితే వాలిపోతున్నప్పుడు దించండి. ముందు పిర్రలు, తర్వాత వీపు, చివరికి తల. దించాక కాసేపు గుండెల మీద చెయ్యి అలాగే ఉంచండి. వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా పడుకోబెట్టాలి. ఆవాల దిండు కూడా వద్దు. చీర ఉయ్యాలలో చిన్న బిడ్డ గడ్డం ఛాతీకి ఆని ఊపిరి ఇబ్బంది అవుతుంది. అందుకే ఉయ్యాలలో ఊపి జోకొట్టినా, నిద్రపోయాక పక్క మీదికి మార్చండి.

నాలుక కింద తీగ అంటుకుని ఉండటం, పాలు పడకపోవడం, కడుపులోంచి పాలు పైకి ఎగదన్నడం లాంటివీ కారణం కావచ్చు. పట్టు సరిచేసి వారం చూసినా మార్పు లేకపోతే పిల్లల డాక్టరే చూసి చెబుతారు.

ఇంట్లో ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. బిడ్డ పాలు పూర్తిగా మానేయడం, లేపినా లేవకపోవడం, నిమిషానికి 60 సార్లు లేదా అంతకుమించి ఊపిరి తీయడం, డొక్కలు ఎగరేయడం, జ్వరం 37.5 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం లేదా ఒళ్లు 35.5 కంటే చల్లబడటం, ఫిట్స్, అరచేతులు అరికాళ్ల దాకా పసుపు పాకడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, అర్ధరాత్రి అయినా సరే, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి బయల్దేరండి.

మిగతా వాటికి మీ ఊరి ఆశా కార్యకర్త ఉంది. ఆసుపత్రిలో పురుడైన బిడ్డను చూడటానికి ఆమె 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. పురిటికి పుట్టింటికి వెళ్లినవాళ్లు అక్కడి ఆశాకు కబురు చేయండి, లేకపోతే ఆమెకు తెలియదు. వచ్చినప్పుడు బట్టలు తీసి తూకం వేయించండి. మీరు గీతలు పెట్టిన కాగితం చూపించండి. ఆమె ఎదురుగానే ఒకసారి పాలు పట్టి, గుటకలు పడుతున్నాయో లేదో ఇద్దరూ కలిసి వినండి.