పల్లె అబ్జర్వేటరీ పాత రిజిస్టర్ల నుంచి నమ్మదగిన ఉష్ణోగ్రతల రికార్డు తయారు చేయడం

లాం, మారుటేరు, నంద్యాల, జగిత్యాల, పాలెం, చింతపల్లి లాంటి వ్యవసాయ పరిశోధన స్థానాల్లో రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు చేత్తో రాసిన రిజిస్టర్లలోకి ఎక్కుతూ వచ్చాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం టైపింగ్ పనే అనుకుంటే దెబ్బతింటారు. ఒక అంకె తప్పని కొట్టేసే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి: అది ఏ రోజుది, ఏ గంటకు చూసింది, ఏ థర్మామీటర్‌తో చూసింది. పాత రిజిస్టర్లలో అంకె తప్పుల కంటే తేదీ తప్పులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

ముందు స్థానం అధిపతికి లిఖితపూర్వకంగా అర్జీ పెట్టి అనుమతి తీసుకోండి. నెలవారీ రిజిస్టర్‌తో సరిపెట్టుకోకుండా పాకెట్ రిజిస్టర్ కూడా అడగండి. అబ్జర్వర్ థర్మామీటర్ దగ్గర నిలబడి రాసేది దాంట్లోనే. నెలవారీ రిజిస్టర్ దాన్ని చూసి ఎక్కించినది కాబట్టి రెండూ తేడా వస్తే పాకెట్ రిజిస్టర్‌నే నమ్మాలి. రిమార్కుల గడి ఉన్న పేజీని ఒక్కటి కూడా వదలొద్దు. ‘కొత్త థర్మామీటర్ అమర్చాం’, ‘పెట్టెకు రంగు వేశాం’, ‘అబ్జర్వర్ సెలవు’ లాంటి మూడు మాటల రాతే తర్వాత ఏడాది లెక్కను కాపాడుతుంది.

ఫొటోలు ఫోన్‌తో తీస్తే చాలు. పేజీకి సరిగ్గా పైనుంచి, కిటికీ వెలుగు పక్క నుంచి పడేలా, ఫ్లాష్ లేకుండా తీయండి. పైన ఉన్న స్థానం పేరు, నెల, సంవత్సరం, కింద ఉన్న మొత్తాలు అన్నీ ఫ్రేములోకి రావాలి. బైండు గట్టిగా ఉన్న పుస్తకాన్ని నొక్కి పరిస్తే కుట్టు తెగుతుంది, రెండో వైపు కింద చిన్న పుస్తకం ఎత్తు పెట్టుకోండి. చిరిగిన చోట సెల్లోటేపు అతికించొద్దు, జిగురు పసుపెక్కి అంకెల్ని మింగేస్తుంది. ఫైలు పేరులో స్థానం, సంవత్సరం, నెల, పేజీ ఆ వరుసలోనే ఉంటే తర్వాత వెతుక్కునే బాధ ఉండదు.

ఎక్సెల్‌లో ఒక్కో రోజుకు ఒక్కో వరుస కేటాయించండి. తేదీ, గరిష్ఠం, కనిష్ఠం, ఉదయం పొడి బల్బు, తడి బల్బు, మధ్యాహ్నం పొడి బల్బు, తడి బల్బు, రిమార్కులు, ఫొటో ఫైలు పేరు: ఇవీ కాలమ్‌లు. పొడి బల్బు అంటే ఆ గంటకు ఉన్న గాలి వేడిని చూపే మామూలు థర్మామీటర్, తడి బల్బు అంటే బల్బుకు తడి గుడ్డ చుట్టినది. రోజు, నెల, సంవత్సరం వేర్వేరు కాలమ్‌లలో కొట్టడం మేలు. 1900కు ముందు తేదీలను ఎక్సెల్ తేదీలుగా గుర్తించదు. ఆ తర్వాతి వాటిలో కూడా కంప్యూటర్ సెట్టింగును బట్టి 5/6 అనేది జూన్ 5 నుంచి మే 6కి మారిపోతుంది. రిజిస్టర్‌లో గడి ఖాళీగా ఉంటే మీరూ ఖాళీగానే వదలండి. సున్నా గానీ 99.9 గానీ పెడితే ఎప్పుడో ఒకరోజు అది సగటులో కలిసిపోతుంది. ‘పైదే’ అని చూపించే గుర్తు ఉంటే పై అంకె కొట్టి, రిమార్కులో ఆ సంగతి రాయండి.

ఒకే నెలను ఇద్దరు విడివిడిగా టైప్ చేసి, ఒక షీటు అంకెల్లోంచి రెండో షీటు అంకెలను గడి గడికీ తీసివేసి చూడండి. సున్నా రాని ప్రతి గడికీ ఫొటో తెరవాలి. 1ని 7గా, 3ని 8గా, 0ని 6గా చదవడం మామూలే. తర్వాత మీ మొత్తాన్ని రిజిస్టర్ అడుగున ఉన్న మొత్తంతో పోల్చండి. దశాంశం తీసేసి చూసినప్పుడు తేడా 9తో భాగింపబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో వెతకండి: 34.2ను 32.4గా కొడితే తేడా 1.8, అంటే 18. పాత గుమాస్తాల లెక్క ఇది, ఇప్పటికీ పనిచేస్తుంది. అయితే రిజిస్టర్‌లోని మొత్తమే తప్పయ్యే అవకాశమూ ఉంది. చేత్తో కూడినవే కదా.

1950ల చివరికి ముందు పేజీలు ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. 32 తీసేసి 5తో గుణించి 9తో భాగిస్తే సెల్సియస్ వస్తుంది. 108.5 అంటే 42.5. అసలు ఫారెన్‌హీట్ అంకెను మాత్రం చెరపకుండా పక్క కాలమ్‌లో ఉంచండి. ఎవరో ముందే మార్చి పెట్టిన సెల్సియస్ జాబితా దొరికితే చివరి దశాంశాలు లెక్కపెట్టి చూడండి. పూర్ణాంక ఫారెన్‌హీట్ నుంచి మారిన కాలమ్‌లో .5 అన్నదే కనిపించదు, .4 తర్వాత .6 వస్తుంది. అలా ఉంటే అసలు రీడింగులు డిగ్రీ ఫారెన్‌హీట్ వరకే చూశారని అర్థం. సెల్సియస్ వచ్చాక రాసిన పేజీల్లో దీనికి తిరగబడిన జబ్బు ఉంటుంది. థర్మామీటర్ గీతలు అర డిగ్రీకి ఒకటి ఉంటాయి, పదో వంతు అబ్జర్వర్ కంటితో అంచనా వేయాలి. .0, .5 రెండూ కలిపి అయిదో వంతుకు దగ్గరగా రావాలి. సగానికి సగం అవే ఉంటే ఆ అబ్జర్వర్ గీత దగ్గరే ఆగాడన్నమాట. అలాంటి నెల సగటు వాడుకోవచ్చు గానీ ఒక్కో రోజు దశాంశాన్ని నమ్మొద్దు.

ఇక తేదీ సంగతి. గరిష్ఠ థర్మామీటర్ మళ్లీ సెట్ చేసేదాకా అత్యధిక వేడినే చూపిస్తుంది కాబట్టి పొద్దున దాంట్లో కనిపించేది నిన్నటి ఎండ. కొందరు దాన్ని నిన్నటి వరుసలో రాస్తారు, కొందరు చూసిన రోజు వరుసలోనే రాసేస్తారు. అబ్జర్వర్ మారితే నెల మధ్యలో ఈ పద్ధతి కూడా మారిపోతుంది. పట్టుకోవడానికి మధ్యాహ్నం పొడి బల్బే సాక్షి. ఉదాహరణకు మే 14న రెండు గంటల పొడి బల్బు 41.2 ఉంది, అదే వరుసలో గరిష్ఠం 39.6 అని ఉంది. రెండు గంటలకే 41.2 ఉంటే ఆ రోజు గరిష్ఠం అంతకంటే తక్కువ ఎలా అవుతుంది? కింది వరుస చూడండి: 15న గరిష్ఠం 42.0. అది 14వ తేదీదే, ఒక రోజు కిందికి జారింది. నెలంతా ఇదే తీరులో ఉంటే మొత్తం కాలమ్‌ను ఒక వరుస పైకి జరపాలి. ఒక్క రోజే అలా ఉంటే జరపకుండా గుర్తు పెట్టి వదిలేయండి. పొడి బల్బు లేని చోట దగ్గరి స్టేషన్ గరిష్ఠాలతో అదే రోజుకు, ఒక రోజు ముందుకు, ఒక రోజు వెనక్కి సహసంబంధం (రెండు వరుసలు ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చూపే కొలత) కట్టి, ఎక్కడ ఎక్కువ వస్తే అదే సరైన జోడీ అనుకోవచ్చు.

గంట కూడా లెక్కలోకి వస్తుంది. భారత వాతావరణ శాఖ సాధారణ కేంద్రాల్లో ఉదయం 8.30కి, సాయంత్రం 5.30కి చూస్తారు. వ్యవసాయ వాతావరణ కేంద్రాల్లో స్థానిక కాలమానం ప్రకారం ఉదయం 7కి, మధ్యాహ్నం 2కి చూస్తారు. భారత కాలమానం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. అక్కడి నుంచి పడమరకు ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు కలపాలి కాబట్టి స్థానికంగా 7 గంటలంటే జగిత్యాల గడియారంలో దాదాపు 7.14, మారుటేరులో 7.03. ఈ నిమిషాల తేడా పెద్దది కాదు. 7కి చూసే పద్ధతి 8.30కి మారడం మాత్రం పెద్దదే. చలికాలంలో 7 గంటలకు వేడి ఇంకా కనిష్ఠానికి దగ్గరగానే ఉంటుంది. అప్పుడు కనిష్ఠ థర్మామీటర్‌ను సెట్ చేస్తే, అత్యల్ప వేడి దగ్గర ఆగిపోయే దాని సూచిక ఆ చలి దగ్గరే నిలుస్తుంది. మరుసటి తెల్లవారు వెచ్చగా ఉన్నా నిన్నటి చలే ఇవాళ్టి కనిష్ఠంగా నమోదవుతుంది. 8.30కి సెట్ చేస్తే ఇది చాలావరకు తప్పుతుంది. కాబట్టి సమయం మారిన తేదీ దొరికితే దాన్ని ఎర్రగా గుర్తించి పెట్టుకోండి. ఆ ఏడాది నుంచి కనిష్ఠ సగటు పెరిగితే కారణం వాతావరణమని చెప్పడానికి లేదు.

పరికరాల లోపాలకు వాటి గుర్తులు ఉన్నాయి. గరిష్ఠ థర్మామీటర్‌ను విదిలించి సెట్ చేయడం మరిస్తే బాగా ఎండకాసిన రోజు అంకె మరుసటి రోజుల్లోనూ అలాగే వస్తుంది: 43.4, 43.4, 43.4. మధ్యాహ్నం పొడి బల్బు ఆ రోజుల్లో 36కి పడిపోయి ఉంటే సందేహమే అక్కర్లేదు. కనిష్ఠ థర్మామీటర్‌లో ఉండేది ఆల్కహాల్. కొంత ఆవిరై గొట్టం పైకొసకు చేరితే రీడింగు నెలల తరబడి మెల్లగా తక్కువ చూపిస్తుంది, కొత్తది పెట్టగానే ఒక్కసారి పైకి దూకుతుంది. సెట్ చేశాక రాసిన రీడింగు ఉంటే అది పొడి బల్బుకు దగ్గరగా ఉండాలి. రోజూ ఒకే వైపు తేడా ఉంటే తప్పు థర్మామీటర్‌దే. మరో మాట: కొన్ని రిజిస్టర్లలో చూసినది, సవరణ (ఆ థర్మామీటర్ లోపానికి కలిపేది లేదా తీసేది), సవరించినది అని మూడు గడులుంటాయి. సవరించినదే టైప్ చేసి, సవరణను మళ్లీ కలపడం చాలామంది చేసే పొరపాటు.

అంకె పెద్దదిగా ఉందని కొట్టేయకండి. రెంటచింతలలో మే నెల 46 దాటితే నమ్మదగినదే. చింతపల్లిలో డిసెంబరు కనిష్ఠం 4 ఉన్నా అంతే. 2015 మే చివరి వడగాడ్పు రెండు రాష్ట్రాలనూ ఊపేసింది. మీ స్టేషన్‌లో ఆ వారం మామూలుగా కనిపిస్తేనే అనుమానించాలి.

పొరుగు స్టేషన్‌తో పోల్చేటప్పుడు దూరం కంటే స్వభావం చూడండి. మారుటేరుకు కాకినాడ, నర్సాపురం, మచిలీపట్నం పనికొస్తాయి గానీ ఖమ్మం పనికిరాదు. జగిత్యాలకు రామగుండం, నిజామాబాద్ తీసుకోండి. వాటి డేటా పుణెలోని వాతావరణ శాఖ డేటా కేంద్రం నుంచి తెప్పించుకోవచ్చు. నెల సగటుల తేడాను గీతగా గీస్తే, ఒకచోట మెట్టులా ఎగిసినా దిగినా ఆ నెల రిమార్కులు తెరిచి చూడండి. థర్మామీటర్లు ఉంచే స్టీవెన్‌సన్ పెట్టె జాగా మార్చారా, పక్కన గోడ కట్టారా, ఆటోమేటిక్ స్టేషన్ పెట్టారా? తేడా ఒక్క పొరుగుతోనే మెట్టెక్కి, మిగతా రెండింటితో సాఫీగా ఉంటే లోపం ఆ పొరుగుది.

నెల సగటు కట్టేటప్పుడు ప్రపంచ వాతావరణ సంస్థ నియమం పాటించండి: 11 లేదా ఎక్కువ రోజులు లేకపోయినా, వరుసగా 5 రోజులు లేకపోయినా ఆ నెల సగటు కట్టకూడదు. లేని రోజులను పక్క రోజుల సగటుతో పూడ్చి లోటు కప్పిపుచ్చొద్దు. పోలికకు 1991–2020 ముప్పై ఏళ్ల సాధారణ సగటు తీసుకోండి.

చివరికి మీ దగ్గర మూడు ఫైళ్లు ఉండాలి: రిజిస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు టైప్ చేసినది, గుర్తులు పెట్టినది, సవరించినది. మొదటిదాన్ని ఎవరూ ముట్టుకోకుండా లాక్ చేయండి. సవరణలకు వేరే షీటు పెట్టి తేదీ, పాత విలువ, కొత్త విలువ, కారణం రాయండి. వాటితోపాటు ఫొటోలన్నీ ఒక కాపీ పరిశోధన స్థానానికి ఇచ్చి, రసీదు తీసుకోండి.