కాగితం మీద చివర్లో పడే పేర్లు: ప్రైమరీ టీచర్లకు కొన్ని మాటలు

ఈ రోజు సాయంత్రం బడి వదిలాక ఒక చిన్న పని చేయండి. హాజరు పట్టీ మూసేసి, మీ తరగతి పిల్లల పేర్లన్నీ ఒక తెల్లకాగితం మీద గుర్తొచ్చిన వరుసలో రాయండి. మొదటి పది పేర్లు గబగబా పడిపోతాయి, బాగా చదివేవాళ్లు, బాగా అల్లరి చేసేవాళ్లు. చివరికొచ్చేసరికి పెన్ను ఆగుతుంది, ఇంకా ఇద్దరుండాలే, ఎవరబ్బా అని. ఆ ఇద్దరి గురించే ఇదంతా రాస్తున్నాను.

నేను మొదటిసారి ఇలా రాసింది నాలుగో తరగతికి. 31 మందిలో 29 దగ్గర ఆగిపోయాను. పట్టీ తెరిచి చూస్తే ఆ మిగిలిన ఇద్దరూ ఒక్క రోజు కూడా మానకుండా బడికి వస్తున్న పిల్లలు. అల్లరి లేదు, ఫిర్యాదు లేదు, పలకరింపూ లేదు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మనకు గుర్తు రానివాళ్లు తోటి పిల్లలకైనా గుర్తొస్తున్నారా అన్నది తర్వాత చూడాలి. దీనికి పాత పద్ధతి ఒకటుంది, సోషియోగ్రామ్ అంటారు, జేకబ్ మొరీనో అనే మానసిక వైద్యుడు మొదలుపెట్టింది. పేరు పెద్దదే గానీ పని చిన్నది. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి "నీ పక్కన ఎవరు కూర్చుంటే నీకు బాగుంటుంది? ఇద్దరి పేర్లు చెప్పు" అని అడగండి. ఒకటి, రెండు తరగతుల పిల్లలైతే చెవిలో చెబుతారు, మీరే రాసుకోండి. ఎవరంటే ఇష్టం లేదు అని మాత్రం అస్సలు అడగొద్దు, ఆ మాట ఇంటర్వెల్ అయ్యేలోపు తరగతంతా తిరుగుతుంది. తర్వాత చూసుకోండి, ఏ పేరు ఒక్కసారి కూడా రాలేదో. ఆ కాగితం ఎవరికీ చూపించకండి, బీరువాలో పెట్టేయండి.

ఇప్పుడు ఆ పిల్లతో రోజూ రెండు నిమిషాలు మాట్లాడండి, వరుసగా పది బడి రోజులు. చదువు ఊసు ఎత్తొద్దు. "మీ మేక ఈనిందా?", "మీ తమ్ముడికి జ్వరం తగ్గిందా?" అంతే. మొదటి మూడు రోజులూ తల ఊపడం తప్ప ఏమీ రాదు, అక్కడే చాలామంది వదిలేస్తారు. వదలకండి. ఐదో రోజుకో ఆరో రోజుకో తనే మీ టేబుల్ దగ్గరకొచ్చి నిలబడుతుంది. టీచర్ ఎవరితో నవ్వుతూ మాట్లాడుతున్నారో మిగతా పిల్లలు కనిపెడుతూనే ఉంటారు. టీచర్ విలువిచ్చిన పిల్లకి వాళ్లూ విలువిస్తారు.

పేరు విషయంలో కాస్త పట్టుదలగా ఉండండి. పొట్టోడా, నల్లపిల్లా, ఇటుక బట్టీ పిల్లోడా లాంటి పిలుపులు మీ తరగతిలో వినపడకూడదు, మీ నోటి నుంచి అసలే రాకూడదు. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. "మొద్దు" అన్న మాట కూడా అందులోకే వస్తుందని నేను నమ్ముతాను. కొత్త పిల్లలు వచ్చినప్పుడు చిన్న తరగతుల్లో వీరీ వీరీ గుమ్మడిపండు ఆడించండి. కళ్లు మూసిన పిల్ల "వీరి పేరేమి" అంటే చెప్పాలి కాబట్టి అందరి పేర్లూ అందరికీ నోటికొచ్చేస్తాయి, పైగా ఖర్చు లేదు.

తర్వాత భాష. తండా నుంచి వచ్చిన పిల్ల ఇంట్లో అమ్మను యాడి అంటుంది, బళ్లో మనం పలకమనేది అమ్మ. ఆ పిల్ల మౌనంగా ఉందంటే తెలివి లేక కాదు, మాట దొరక్క. అందుకే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లోనే గోండి, కోయ, సవర, బంజారా లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టారు. మీ బడిలో ఆ పుస్తకాలు లేకపోయినా సరే, బోర్డులో ఒక మూల రోజుకో మాట రాయండి, మన తెలుగు మాట పక్కన ఆ పిల్ల ఇంటి మాట. ఎలా పలకాలో ఆ పిల్లే మీకు, తరగతికి నేర్పాలి. మీరు తప్పు పలికితే పకపకా నవ్వి సరిదిద్దుతుంది చూడండి, ఆ నవ్వు కోసమైనా చేయండి.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. స్కాలర్‌షిప్ ఫారాలో, బ్యాంకు ఖాతా వివరాలో కావాల్సి వచ్చినప్పుడు "ఎస్సీ పిల్లలు లేవండి, ఎస్టీ పిల్లలు లేవండి" అని తరగతిలో నిలబెట్టడం ఇప్పటికీ కొన్ని చోట్ల జరుగుతోంది. తెలిసీ తెలియని వయసులో అందరి ముందూ కులం పేరుతో లేచి నిలబడ్డ పిల్లవాడు ఆ సంగతి జీవితాంతం మర్చిపోడు. ఆ వివరాలు అడ్మిషన్ రిజిస్టర్‌లో ఉంటాయి, అక్కడి నుంచి రాసుకోండి. లేకపోతే తల్లిదండ్రులను పిలిచి అడగండి. మధ్యాహ్న భోజనం దగ్గర కూడా ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో కళ్లు పెట్టి చూడండి. పిల్లల్ని వాళ్ల ఇష్టానికి వదిలేస్తే ఊళ్లో వాడల వరుసే బడి వరండాలోనూ కనిపిస్తుంది. నేనైతే తరగతుల వారీగా కాకుండా ఒకటి నుంచి ఐదు దాకా కలిపి ఆరుగురేసి గుండ్రంగా కూర్చోబెడతాను, పెద్దపిల్లలు చిన్నవాళ్లకు గుడ్డు పెంకు తీసిపెడతారు, నేనూ ఏదో ఒక గుండ్రంలో కూర్చుని అదే అన్నం తింటాను.

ఇక పాఠం చెప్పేటప్పుడు ఏం చేయాలి? జట్లు చేస్తాం, జట్టులో చదివే పిల్ల ఒక్కతే పని చేస్తుంది, మిగతావాళ్లు చూస్తారు. దీనికి మంచి విరుగుడు ఉంది. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో నల్ల, తెల్ల పిల్లలు మొదటిసారి ఒకే తరగతిలో కూర్చుని గొడవలు పడుతుంటే ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు కలిసి జిగ్‌సా పద్ధతి తయారుచేశారు. మన దగ్గర ఇలా చేయొచ్చు. నీటి గురించి పాఠం అనుకోండి, దాన్ని ఐదు ముక్కలు చేయండి: వాన, చెరువు, బావి, బోరు, కుళాయి. ఐదుగురి జట్టులో ఒక్కొక్కరికీ ఒక ముక్క. అన్ని జట్లలోని "చెరువు" పిల్లలూ ముందు ఒకచోట చేరి తమ ముక్క నేర్చుకుని, మళ్లీ సొంత జట్టుకెళ్లి మిగతా నలుగురికీ చెప్పాలి. చెరువు గురించి ఆ పిల్ల తప్ప జట్టులో ఇంకెవరూ చెప్పలేరు కాబట్టి ఆమె నోరు తెరిచేదాకా అందరూ ఆగాల్సిందే, నెమ్మదిగా చెప్పినా వినాల్సిందే. చదవడం ఇంకా రాని పిల్లకు ఆమెకు తెలిసిన ముక్కే ఇవ్వండి, రోజూ వాళ్ల అమ్మతో బోరింగు దగ్గరకెళ్లే పిల్లకు బోరు గురించి మీకంటే ఎక్కువ తెలుసు. మొదటి రెండుసార్లు గోల గోలగా ఉంటుంది, మూడోసారికి కుదురుకుంటుంది. మూడు నుంచి ఐదు తరగతులకు బాగుంటుంది, ఒకటి, రెండులో మాత్రం పిల్లలకు కష్టం.

ఆటల్లో ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కర్నీ కోరుకునే పద్ధతి ఆపేయండి. ఎవరూ కోరుకోక చివర్లో మిగిలిపోయిన పిల్లను అడగండి ఎలా ఉంటుందో. చీటీలు వేయండి, చాలు.

వినికిడి, చూపు, నడక సమస్యలున్న పిల్లల గురించి విడిగా రాయాల్సినంత ఉంది. ఇక్కడికి ఒక్క మాట: అనుమానం రాగానే మండలంలో ఇలాంటి పిల్లల కోసమే ఉన్న భవిత కేంద్రం వాళ్లతో మాట్లాడండి, ఈలోగా ఆ పిల్ల బోర్డు కనపడేచోట, స్నేహితురాలి పక్కన కూర్చునేలా చూడండి. ముందు వరుసలో ఒంటరిగా కూర్చోబెడితే సగం మేలే జరిగినట్టు.

బడి ఏడాది నడిమధ్యలో వచ్చే పిల్లల సంగతి వేరు. దీపావళి దాటాక ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు కుటుంబాలు వస్తాయి, పెద్దపల్లి వైపు బళ్లలో పనిచేసే వాళ్లకు ఇది బాగా తెలుసు. టీసీ లేదని ఆపొద్దు, టీసీ ఆలస్యం చేరికకు అడ్డం కాకూడదని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. మొదటి రోజే ఒక తోడును అప్పగించండి, చలాకీ పిల్లను కాదు, ఓపికున్న పిల్లను. మంచినీళ్లు, మరుగుదొడ్డి, కంచాలు ఎక్కడున్నాయో ఆ పిల్ల చూపిస్తుంది. పుస్తకాలకు అట్టలేసి, లేబుల్ మీద కొత్త పిల్ల పేరు ఒడియాలో ఆమె చేతే రాయించండి, పక్కన తెలుగులో మీరు రాయండి. వేసవికి వాళ్లు వెళ్లిపోతారు. వెళ్లే ముందు రోజు ఆ పుస్తకాలు, పిల్లలంతా పేర్లు రాసిన ఒక కాగితం, చదివిన తరగతి వివరం చేతికిచ్చి పంపండి. పై ఏడాది అదే బట్టీకి వస్తే ఆ పిల్ల నేరుగా మీ బడికే నడిచొస్తుంది. మా దగ్గరకు అలా ఇద్దరొచ్చారు.