పాత విండోస్ బీటాలు నడపడం – 3వ భాగం: తేదీని వెనక్కి జరపడం

వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) సిద్ధమైంది కదా అని వెంటనే సెటప్ మొదలుపెట్టకండి. విడుదలకు ముందరి బిల్డులు (తయారీలో ఉండగా కట్టిన రూపాలు) చాలావాటిలో గడువు పెట్టి ఉంటుంది. పరీక్షించి చూడమని ఇచ్చిన అసంపూర్తి సరుకును జనం ఏళ్ల తరబడి వాడుకోకుండా కట్టిన అడ్డుకట్ట అది. గడువు దాటితే ఎన్‌టీ కుటుంబపు విండోస్ (2000, ఎక్స్‌పీ, విస్టా వంటివి) నీలి తెర మీద ‘ఎండ్ ఆఫ్ ఎన్‌టీ ఇవాల్యుయేషన్ పీరియడ్’ అని చూపి ఆగిపోతుంది.

మనం నడపబోయేది విస్టాకు పూర్వరూపమైన లాంగ్‌హార్న్ 4074. మైక్రోసాఫ్ట్ దీన్ని 2004 మే నెలలో సియాటిల్‌లో జరిగిన విన్‌హెక్ అనే హార్డ్‌వేర్ తయారీదారుల సదస్సులో పంచి, ఆ ఆగస్టులోనే అప్పటిదాకా చేసిన పనిని చాలావరకు పక్కన పెట్టి, విండోస్ సర్వర్ 2003 కోడు మీద మళ్లీ మొదలుపెట్టింది. నా దృష్టిలో ఈ బిల్డు విలువంతా, పక్కన పెట్టిన ఆ పనిని ఇందులో చూడగలగడంలోనే ఉంది.

దీని పూర్తి గుర్తు ‘4074.ఐడీఎక్స్02.040425-1535’. చివర్లో అడ్డగీతకు ముందున్న ఆరు అంకెలను రెండేసి చొప్పున విడదీస్తే 04, 04, 25 వస్తాయి. అంటే 2004 ఏప్రిల్ 25న, మధ్యాహ్నం 3.35కు కంపైల్ చేశారన్నమాట (కోడును నడిచే ప్రోగ్రాముగా మార్చారు). వర్చువల్ మెషీన్ తేదీని దానికి కొద్ది రోజుల తర్వాత, మే 1గా పెట్టండి. కంపైల్ చేసిన తేదీకంటే వెనక్కి వెళితే ఫైళ్ల తేదీలు భవిష్యత్తులో పడతాయి, డిజిటల్ సంతకాలు చెల్లకపోవచ్చు.

వర్చువల్ మెషీన్లను నడిపే క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆర్‌టీసీ (మెషీన్ గడియారం) ఆప్షన్‌కు బేస్‌గా ఈ తేదీ ఇస్తే, మెషీన్‌ను ఎప్పుడు ఆన్ చేసినా గడియారం అక్కడినుంచే మొదలవుతుంది. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ వర్చువల్‌బాక్స్‌లో అలా కాదు: బయోస్ టైమ్ ఆఫ్‌సెట్‌ను (అసలు సమయానికీ మెషీన్ సమయానికీ తేడా) మిల్లీసెకన్లలో ఇవ్వాలి (రోజుకు 8,64,00,000, వెనక్కి కాబట్టి ముందు మైనస్ గుర్తు), పైగా అది ఈనాటి తేదీతో ముడిపడిన తేడా కాబట్టి, బయట ఆరు నెలలు గడిస్తే లోపలా ఆరు నెలలు గడిచి గడువు ముంచుకొస్తుంది. అందుకే నేను క్యూఈఎంయూ వైపే మొగ్గుతాను. గడువును తీసేసే ప్యాచ్‌ల (ఫైళ్లను మార్చే చిన్న ప్రోగ్రాముల) జోలికి మాత్రం పోవద్దు. సిస్టమ్ ఫైళ్లు మార్చాక మీరు చూస్తున్నది అసలు బిల్డు కాదు.

నెట్‌వర్క్ అడాప్టర్‌ను తొలగించండి. భద్రతా అప్‌డేట్లు లేని వ్యవస్థ అన్నది ఒక కారణం; ఇంటర్నెట్ నుంచి సమయం తెచ్చుకుని తేదీని దిద్దేసుకునే ప్రమాదం రెండోది.

అభ్యాసం: 4051 బిల్డు గుర్తు 031001-1340తో ముగుస్తుంది. దానికి ఏ తేదీ పెట్టాలో నిర్ణయించి, సెటప్ మొదటి తెర వరకు వెళ్లి, అక్కడ ఆపండి. డిస్కును విభజించే పని వచ్చే భాగంలో.