కాపర్ కాంప్లెక్స్ చేశారు సరే, ఎం.టి.టి.కి ముందు ఇవి చూడండి

ప్రాజెక్టుకొచ్చే ఎమ్మెస్సీ పిల్లలకు నేను ముందుగా ఇచ్చేది సాలోఫెన్ లైగాండ్ (లోహాన్ని పట్టుకునే అణువు), దాని కాపర్ కాంప్లెక్స్ (కాపర్‌ను పట్టుకున్నాక వచ్చే పదార్థం). చేయడం తేలికే. తిప్పలన్నీ దాన్ని క్యాన్సర్ కణాలపై పరీక్షించడంలోనే. ఆ పరీక్షే ఎం.టి.టి., ఎన్ని కణాలు బతికాయో రంగును బట్టి చెబుతుంది.

రెండు మోల్స్ సాలిసిలాల్డిహైడ్‌కు ఒక మోల్ ఆర్థో-ఫినిలీన్ డయమైన్ చొప్పున ఇథనాల్‌లో రిఫ్లక్స్ (ఆవిరి చల్లబడి తిరిగి ఫ్లాస్కులోకే పడేలా మరిగించడం) పెట్టండి. డయమైన్ తూచేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి, క్యాన్సర్ తెప్పిస్తుందని అనుమానం ఉన్న పదార్థం అది. చల్లారాక దిగిన నారింజ స్ఫటికాలను వేడి ఇథనాల్‌లో తీసుకుని, అన్నే మోల్స్ కాపర్ అసిటేట్ ద్రావణం చుక్కచుక్కగా పోయండి. పోస్తుండగానే రంగు ముదురుతుంది. ఫిల్టర్ చేసి చల్లటి ఇథనాల్‌తో, ఈథర్‌తో బాగా కడిగి డెసికేటర్‌లో ఆరబెట్టండి. కడగడానికి బద్ధకిస్తే మిగిలిపోయిన కాపర్ ఉప్పు కణాలను చంపుతుంది, పేరు మాత్రం మీ కాంప్లెక్స్‌కు వస్తుంది.

ఐ.ఆర్. (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రమ్‌లో 1610 cm⁻¹ దగ్గరి ఇమైన్ (C=N బంధం) బ్యాండ్ కాస్త కిందికి జరిగితే సంతోషమే గానీ అదొక్కటే చాలదు. కాపర్ పారామాగ్నెటిక్ కాబట్టి ఎన్.ఎం.ఆర్. పీకులు చెదిరిపోతాయి. టెన్షన్ పడకుండా మాస్ స్పెక్ట్రమ్, సి.హెచ్.ఎన్. (కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ శాతాలు) తీయించండి.

ఆ తర్వాతి పనినే చాలామంది ఎగ్గొడతారు. కాంప్లెక్స్‌ను డి.ఎం.ఎస్.ఓ. (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అనే ద్రావణిలో కరిగించి, బఫర్‌లో పలచన చేసి, యూ.వీ. స్పెక్ట్రమ్ అప్పుడొకసారి, 24 గంటలకు, 48 గంటలకు తీయండి. బ్యాండ్లు మారాయంటే కణాల దగ్గరికి చేరేది మీరు కాగితం మీద గీసిన అణువు కాదు. మీడియంలో కలిపాక ప్లేటును మైక్రోస్కోప్ కింద కూడా చూడండి. కణాల మధ్య సన్నటి సూదులు కనిపిస్తే కాంప్లెక్స్ అవక్షేపమైపోయినట్టే. ఇక 50 మైక్రోమోలార్ అని రాసుకున్న అంకెకు విలువ లేదు.

ఎం.టి.టి.కి 96 వెల్ ప్లేటులో వెల్‌కు 5,000 నుంచి 10,000 హెలా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్) కణాలు వేసి రాత్రంతా అంటుకోనివ్వండి. అంచు వెల్స్ త్వరగా ఆరిపోతాయి, వాటిలో పి.బి.ఎస్. (ఉప్పు బఫర్) పోసి వదిలేయండి. తర్వాత మిగతా వెల్స్‌లో కాంప్లెక్స్ కలపండి, డి.ఎం.ఎస్.ఓ. 0.5 శాతం దాటకూడదు. 48 గంటలయ్యాక ఎం.టి.టి. అనే పసుపు పదార్థం వేస్తే బతికున్న కణాలు దాన్ని ఊదా ఫార్మజాన్‌గా మారుస్తాయి. 4 గంటలాగి, మీడియం తీసేసి, ఫార్మజాన్‌ను డి.ఎం.ఎస్.ఓ.లో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీసుకోండి. కణాల్లేని వెల్స్‌లోనూ కాంప్లెక్స్, ఎం.టి.టి. కలిపి చూడాలి. కొన్ని కాంప్లెక్సులు తామే ఎం.టి.టి.ని ఊదా చేసేస్తాయి!

కంట్రోల్స్‌గా లైగాండ్ ఒక్కటే, కాపర్ అసిటేట్ ఒక్కటే, ఒట్టి డి.ఎం.ఎస్.ఓ., పోలికకు సిస్‌ప్లాటిన్ (ప్లాటినం ఉన్న క్యాన్సర్ మందు) పెట్టండి. సిస్‌ప్లాటిన్‌ను మాత్రం సెలైన్‌లోనే కరిగించాలి. డి.ఎం.ఎస్.ఓ.లో వేస్తే ఆ ద్రావణి క్లోరైడ్‌ను తోసేసి ప్లాటినానికి అంటుకుంటుంది, మందు పదును పోతుంది. మా కాంప్లెక్స్ సిస్‌ప్లాటిన్‌ను పదింతలు మించిందని ఎవరైనా వస్తే నేను మొదట అడిగేది సిస్‌ప్లాటిన్‌ను దేంట్లో కరిగించారనే.

క్యాన్సర్ కాని కణాలుగా హెచ్.ఇ.కె.-293 (మనిషి పిండం కిడ్నీ నుంచి వచ్చిన కణాలు) వాడుతుంటారు. అవీ ల్యాబ్‌లో ఆగకుండా పెరిగేలా మార్చినవే, కాబట్టి వాటిని చూపించి ఆరోగ్యకరమైన కణాలకు హాని లేదని రాయకండి. ప్రాజెక్టు రిపోర్టులో "క్యాన్సర్ మందు" అని కనిపిస్తే కొట్టేస్తాను. హెలా కణాలపై 48 గంటలకు ఐ.సి.50 (కణాల బతుకును సగానికి తగ్గించే గాఢత) ఎంతో, మూడు విడివిడి ప్రయోగాల సగటు, ఎర్రర్‌తో సహా రాయండి.