పగ వదిలి మాట కలపాలంటే ముందు స్టేటస్ తీసేయండి

అన్నతోనో ఆడపడుచుతోనో మాటలు తెగిపోయి, ఒకే చర్చిలో చెరో మూల కూర్చుంటున్నారా? అయితే ముందు ఆ వాట్సాప్ స్టేటస్ తీసేయండి. బైబిల్లోని 35వ కీర్తనలోంచి ‘నాతో పోరాడువారితో పోరాడుము’ అని పెట్టి, అవతలివాళ్ళు చూశారా లేదా అని పదేపదే చూసుకోవడం కూడా పగ తీర్చుకోవడమే. ప్రార్థన గ్రూపులో ‘మా అన్నయ్య మనసు మారాలని ప్రార్థించండి’ అని పెట్టినా అంతే, సాయంత్రానికల్లా విశాఖలో గాజువాక నుంచి గోపాలపట్నం దాకా చుట్టాలందరికీ తెలిసిపోతుంది.

తర్వాత ఏం చేయాలో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో వరసగా ఉంది. మొదట ఒక్కరే వెళ్ళి మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకెళ్ళాలి, అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. మనమేమో ముందే పాస్టర్ అయ్యగారి దగ్గరికి పరిగెడతాం.

ఇంటికి వెళితే వదినా పిల్లలూ వింటుంటారు కాబట్టి, పొద్దున్నే ఆర్కే బీచ్‌కి రమ్మనండి. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే గొంతులు అంత త్వరగా లేవవు. ‘అన్నయ్యా, నాకో మాటైనా చెప్పకుండా సైటు అమ్మేశావు, చాలా బాధేసింది’ అనండి, అక్కడితో ఆపి ఆయన్ని మాట్లాడనివ్వండి. నాన్న ఆసుపత్రి ఖర్చు, పెళ్ళిలో పెట్టని చీర ఎత్తారో, ఇక అంతే. మీ వైపు బాకీ ఏదైనా ఉంటే ఆ డబ్బు కూడా పట్టుకెళ్ళండి, బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు, మనం అసలైనా ఇవ్వాలి కదా.

రాజీ పడ్డారంటే మళ్ళీ ఒకే ఇంట్లో ఉండాలనేం లేదు. విడిపోయిన అన్నదమ్ములు యాకోబు, ఏశావు మళ్ళీ కలిసినప్పుడు కౌగిలించుకుని ఏడ్చారు, ఆ తర్వాత ఒకరు శేయీరుకి, ఇంకొకరు సుక్కోతుకి వెళ్ళిపోయారు (ఆదికాండము 33).

కొట్టే భర్త దగ్గరికి ‘క్షమించి వెళ్ళమ్మా’ అని పంపే పెద్దల మాట మాత్రం వినకండి. 1999లో ఒడిశాలో భర్తనీ ఇద్దరు కొడుకులనీ సజీవదహనం చేసినవాళ్ళని మిషనరీ గ్రాహం స్టెయిన్స్ భార్య గ్లాడిస్ క్షమించారు. అయినా కేసు నడిచింది, శిక్షా పడింది. క్షమించడం వేరు, కేసు వేరు.

రేపు చర్చిలో ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం) ఉంది కదా అని శనివారం రాత్రి ‘సారీ’ అని ఒక్క మెసేజ్ పడేసి చేతులు దులుపుకోకండి, ఫోన్ చేయండి. ఎత్తకపోతే కొన్నాళ్ళాగి మళ్ళీ చేయండి. రోమా పత్రిక 12వ అధ్యాయం కూడా ‘శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు’ అందరితో సమాధానంగా ఉండమనే అంటుంది, అవతలివాళ్ళ వంతు కూడా మీరే మోయక్కర్లేదు. ఈలోపు వాళ్ళ పిల్లలు మీ ఇంటికొస్తే మాత్రం ఎప్పటిలాగే అన్నం పెట్టండి, మీ నాన్న ఏమంటున్నాడని ఆరా తీయకండి.